సగం గుండుతో కొండ దిగిన రోజు

రెండేళ్ల కిందట ఒక ఉదయం తిరువళ్లూరు స్టేషన్ మెట్లు ఎక్కుతుంటే మధ్యలో ఊపిరి అందలేదు. బట్టల కంపెనీలో కుట్టుపనికి రోజూ ఎక్కే మెట్లే. ఆ సాయంత్రం చూసుకుంటే, ఎక్కడా తగలకుండానే తొడల మీద నల్లగా కమిలిన మచ్చలు.

సీబీసీ రక్తపరీక్షలో నెత్తురు గడ్డకట్టించే ప్లేట్‌లెట్స్ బాగా తక్కువ. చెన్నైలో నడుము ఎముకలో సూది గుచ్చి బోన్‌మ్యారో తీశారు. మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్ అన్నారు.

"బ్లడ్ క్యాన్సరా సార్?"

"ఆ జాతిదేనమ్మా, వదిలేస్తే ముదురుతుంది. మీ కణాల్లో కొన్ని మంచి జీన్స్‌కు మెథైలేషన్ అనే తాళం పడింది. జీన్స్ ఉన్నాయి, పనిచెయ్యడం లేదు. అజాసైటిడిన్ ఆ తాళాలు తీస్తుంది. నెలకు ఏడు రోజులు సూదులు. మొదట కౌంట్ ఇంకా పడుతుంది, భయపడి ఆపేయకండి."

ఆపలేదు గానీ భయపడ్డాను. రెండో విడత తర్వాత, లక్షన్నర ఉండాల్సిన ప్లేట్‌లెట్స్ పన్నెండు వేలకు పడ్డాయి. మందే నన్ను చంపుతోందనిపించింది. మా అక్క వచ్చి, "ఎట్లాగూ జుట్టు రాలిపోతాది గదా మే. రాలకముందే తిరుత్తణి సామికి ఇచ్చెయ్, ఆయన చూసుకుంటాడు" అంది. ఈ మందుకు మామూలుగా జుట్టు అట్లా రాలదు. ఆ సంగతి మేమిద్దరం ఎవరినీ అడగలేదు.

తిరుత్తణి కొండమీద గుండు సగం అయ్యేసరికి చెవి వెనక చిన్న గాటు పడింది. గుండు గీసే ఆయన చందనం అద్దాడు. నెత్తురు ఆగలేదు, తువ్వాలు తడిసింది. "ఇంత చిన్న గాటుకు ఇంత నెత్తురు నేనెప్పుడూ చూళ్లేదమ్మా, ఆస్పత్రికి పోండి" అన్నాడు.

"నేనే గదా నిన్ను పిల్చుకోనొచ్చినాను" అని ఏడుస్తూ అక్క గాటు అదిమి పట్టుకుంది. తిరువళ్లూరు ఆస్పత్రి దాకా కారులో ఆ చెయ్యి తియ్యలేదు. నేను చచ్చిపోతాననే అనుకున్నాను. ప్లేట్‌లెట్స్ ఎక్కించాకే ఆగింది.

తర్వాత నా సగం గుండు చూసి చెన్నై డాక్టరుగారికి కోపం వచ్చింది. "మొక్కుకోవద్దనలేదమ్మా. కత్తి పెట్టే ముందు నన్నొక మాట అడగాల్సింది."

మిగతా జుట్టు ఇంట్లో కత్తెరతో కురచ చేసుకున్నాను. ఐదో విడతకు కౌంట్ లేవడం మొదలైంది. ఇప్పుడు పద్దెనిమిదో విడత, పనికి వెళుతున్నాను. మందు ఆపితే తాళాలు మళ్లీ పడతాయట. ప్రతి నెలా రిపోర్టు విప్పగానే ముందు ప్లేట్‌లెట్స్ అంకె వెతుకుతాను.

మీ ఇంట్లో ఎవరికైనా ఇట్లాంటి జబ్బుంటే, గుండు గీయించే ముందు, పన్ను పీకించే ముందు ఆ వారం ప్లేట్‌లెట్స్ ఎన్నో డాక్టర్ని అడగండి.

మొన్న అక్క, "మిగిలిన సగం మొక్కు ఎప్పుడు మే?" అంది. నా చెయ్యి దానంతటదే చెవి వెనక్కి పోయింది.

"ఈ నెల రిపోర్టు రానీ అక్కా. సామి ఉంటాడు. ముందు నేనుండాల గదా."