అరమెట్టు కింద పాడిన పాట

మలేసియాలో, క్లాంగ్‌లో మా పక్కింటివాళ్ళు కిందటి నెల కారు నిలుపుకోవడానికి కొత్తగా రేకుల పందిరి వేయించారు. మంచి మనుషులు, వేసేముందు వచ్చి నన్ను అడిగారు కూడా. వెలుతురు తగ్గదు కదా అనుకుని సరేనన్నాను గానీ చప్పుడు సంగతి నాకు తట్టలేదు. మొన్న మధ్యాహ్నం వాన వచ్చింది. ఇక్కడి వాన చినుకు చినుకుగా మొదలై పెరిగే రకం కాదు, ఎవరో మీట నొక్కినట్టు ఒక్కసారిగా పడుతుంది. ఆ చప్పుడు మొదలవగానే టీ గ్లాసు ముందు కూర్చున్న నేను రెండు చేతులూ బల్లమీద పెట్టేసుకున్నాను. వేళ్ళు వాటంతటవే పియానో నల్లమెట్లను వెతుక్కుంటున్నాయి. అరవై దాటిన మనిషి వంటింట్లో ఉత్త బల్లను వాయిస్తోందంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారో! ఎవరూ చూడలేదు. గుండె మాత్రం నాలుగేళ్ళ కిందటి ఆ శనివారం కొట్టుకున్నట్టే కొట్టుకుంది.

మా తాత విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చి పెరాక్‌లో ఒక రబ్బరు తోట ఆఫీసులో కిరాణీగా చేరాడు. గుమాస్తాని ఇక్కడ అలాగే అంటారు. నాన్న ఇపోలో బడి గుమాస్తా. నేను కాన్వెంటులో ఒక ముసలి సిస్టరు దగ్గర పియానో నేర్చుకున్నాను. ఆవిడకి నా వేళ్ళు నచ్చాయి గానీ నేను కూర్చునే తీరు చివరిదాకా నచ్చలేదు. ఆ వేళ్ళతోనే ముప్పయ్యేళ్ళు బళ్ళలో సంగీతం చెప్పి రిటైరయి, ఇక విశ్రాంతి అనుకుంటున్న రోజుల్లో కౌలాలంపూర్‌లోని ఒక విశ్వవిద్యాలయం నుంచి ఫోను వచ్చింది. అక్కడి సంగీత విభాగం ఒక ఆపెరా, అంటే మాటలన్నీ పాటగా నడిచే నాటకం, వేస్తోందట. వాయించవలసిన ఆయన ఉద్యోగం దొరికి విదేశం వెళ్ళిపోయాడట. ఫోను చేసిన ప్రొఫెసరు పెనాంగ్ చైనీయుడు, సన్నగా, పిలిస్తే తప్ప పలకని మనిషి. పరీక్షలప్పుడు పిల్లల పక్కన నేను వాయించడం చూశాడు. ఆపెరాలో ముఖ్యపాత్ర పాడేది మా తమ్ముడి కూతురేనని ఆయనకి తెలియదు. ఒప్పుకున్నాక చెప్పాను. ఆయన, "మంచిదే. అయితే రిహార్సల్లో మీరు ఆమెకి అత్త కాదు" అన్నాడు.

ఆ ఆపెరా ఆయన గురువు ఎప్పుడో రాసి, ఎక్కడా ఆడకుండా వదిలేసినది. పెద్ద హంగు లేదు. పాడేవాళ్ళు ఆరుగురు, వాయించేవాళ్ళం ఎనిమిదిమందిమి, గంటా పావు. వేల ఏళ్ళ కిందటి ఒక గ్రీకు ద్వీపంలో, శత్రువులు ముట్టడించిన నగరం. రాత్రికి రాత్రి కోట తలుపు తెరిచినవాడు ఎవరో కాదు, గుడి పూజారిణి తమ్ముడే. తీర్పు చెప్పవలసింది ఆ పూజారిణి. తమ్ముడికి మరణశిక్ష వేసి, అతనికి ఇచ్చిన విషంలోనే సగం తాను తాగుతుంది. ఈ కథ చెబితే మా తమ్ముడు, "విషం తాగిన మనిసి అంతసేపు పాడతాదేటక్కా? మన వీధి నాటకాల్లోనే నయం, సచ్చినోడు సప్పున పడిపోతాడు" అన్నాడు. తనని కూతురు విషమిచ్చి చంపుతుందేమోనన్నట్టు వాడి ముఖం మాత్రం కొంచెం పాలిపోయింది.

మేనకోడలి సంగతి చెప్పాలి. దానికి ఆరేళ్ళప్పుడు గవదబిళ్ళలు వచ్చాయి. బుగ్గలు వాచి, పది రోజుల్లో తగ్గిపోయాయి. మళ్ళీ పియానో పాఠానికి వచ్చినప్పుడు నేను ఎడమ పక్కన కూర్చుని మాట్లాడితే మెడ పూర్తిగా తిప్పి చూసేది. కుడి పక్కకి మారితే మామూలుగా ఉండేది. ఒకరోజు దాని ఎడమ చెవి దగ్గర చిటిక వేశాను. కదల్లేదు. ఏడ్చి, "సెప్పకు లా అత్తా, నాన్న పాట మానిపించేస్తారు" అంది. ఇక్కడివాళ్ళం మాట చివర ఊరికే "లా" తగిలిస్తాం. ఆరేళ్ళ పిల్లకి మాట ఇచ్చాను. ఇలాంటి మాటలు పిల్లలకి ఇచ్చేటప్పుడు మనం అవి వాళ్ళతోపాటు పెరుగుతాయనుకోము. ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి ఆ అమ్మాయి ఒక్క కుడి చెవితోనే విని, ఆ విభాగంలో అందరికన్నా బాగా పాడుతోంది.

రిహార్సళ్ళన్నింటిలోనూ నా హార్ప్సికార్డు దాని కుడి వైపు ఉండేది. పియానోకి అమ్మమ్మలాంటి వాద్యం అది. లోపల తీగల్ని ఈకలాంటి మొన గిల్లుతుంది, ఎంత గట్టిగా కొట్టినా శబ్దం పెరగదు. అదృష్టమో ఏమో ఆ రెండు నెలలూ ఏ ఇబ్బందీ రాలేదు. ప్రదర్శన ఇక వారం ఉందనగా, నవంబరు వానలకి హాలు కప్పు కారడం మొదలుపెట్టింది. కారేది సరిగ్గా మేము కూర్చునే చోటే. వాద్యం తడిస్తే పాడైపోతుందని ప్రొఫెసరు మమ్మల్నందరినీ వేదికకి అవతలి పక్కకి మార్పించాడు. నలుగురు విద్యార్థులు హార్ప్సికార్డుని మోసుకెళ్తుంటే, మేనకోడలు వేదిక మధ్యన నిలబడి నా వంక చూసింది. అది ఆమె ఎడమ వైపు. నేను స్వరాల కాగితాలు సర్దుకుంటున్నట్టు తల దించుకున్నాను.

గురువారం రిహార్సలులో ఒకచోట ఆలస్యంగా అందుకుంది. శుక్రవారం రెండుచోట్ల. ఆఖరి ఘట్టానికి ముందు నేను ఒకే ఒక స్వరం వాయిస్తాను. దాన్ని అందుకుని ఆమె పన్నెండు పంక్తులు ఏ తోడూ లేకుండా పాడాలి. విషపాత్ర చేత్తో పట్టుకునే సమయం అది. తర్వాత మేమందరం ఒక్కసారిగా కలుస్తాం. ఆ స్వరం దానికి అందడం లేదని నాకు అర్థమయింది. ప్రొఫెసరు నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. "అమ్మాయికి ఏమైనా ఇబ్బందా?"

"జలుబు" అన్నాను.

ఆయన తల ఊపి వెనకవరస వైపు చూశాడు. అక్కడ సరవాక్ నుంచి వచ్చిన ఒకమ్మాయి కూర్చుని ఉంది. మేనకోడలు పాడలేకపోతే బదులు పాడవలసిన అమ్మాయి. రెండు నెలలుగా ప్రతి రిహార్సలుకీ వచ్చి, ఒక్క స్వరం పాడే అవకాశం లేకపోయినా మొత్తం కంఠతా పట్టింది. నా అబద్ధం ఆ అమ్మాయి నోటి దగ్గర కూడు తీసినట్టేనని తెలిసే ఆడాను. బయటికి వచ్చాక మేనకోడలు నా చెయ్యి పట్టుకుంది.

"నీ బుజాలు సూసుకుని పాడతాను అత్తా. నువ్వు ఊపిరి తీస్తే నాకు తెలుస్తాది."

"తెలియకపోతే ఏటి సేస్తావు?"

"తెలుస్తాది లా" అని నవ్వింది. ఆ నవ్వులో ధైర్యమేమీ లేదు.

శనివారం మధ్యాహ్నం మూడింటికి ఆట. హాలు చిన్నది, నిండిపోయింది. మూడో వరసలో తమ్ముడు పట్టు చొక్కాలో, పక్కన మరదలు మల్లెపూలతో. మరదలు తమిళురాలు. మా ఇంటికి వచ్చి పాతికేళ్ళయినా ఆమె తెలుగులో తమిళమే ఎక్కువ. మొదటి గంట హాయిగా గడిచింది. తీర్పు చెప్పే ఘట్టంలో దాని గొంతు విని నాకే ఒళ్ళు జలదరించింది. పూజారిణి తమ్ముడి పాత్రధారిని భటులు తీసుకుపోయారు. ఆమె ఒక్కతే మిగిలింది. పాత్ర చేతిలోకి తీసుకుంది. సరిగ్గా అప్పుడు కప్పు మీద వాన పడింది.

నేను ఆ స్వరం వాయించాను. నాకే సరిగా వినిపించలేదు. మళ్ళీ వాయించాను. ఆమె నా వైపు తిరిగి చూసింది, కళ్ళు పెద్దవి చేసుకుని. నేను భుజాలు ఎత్తి ఊపిరి తీశాను. తనూ తీసింది. మొదలుపెట్టింది.

అరమెట్టు కింద.

పియానో మీద పక్క మెట్టుకి జరిగినంత తేడా. ఒంటరిగా పాడినంతసేపూ వినేవాళ్ళకి ఏమీ తెలియదు. పన్నెండు పంక్తులయ్యాక మేము రాసి ఉన్న శ్రుతిలో కలిశామంటే మాత్రం చెవిలో రాయి పడ్డట్టుంటుంది. నాకు ఉన్నది ఒక్క నిమిషం. ఆ నిమిషంలో నేను చేసినదంతా ఇప్పటికీ వరసగా చెప్పగలను. ముందు దేవుణ్ణి తిట్టుకున్నాను. తర్వాత కాన్వెంటు సిస్టరుని తలుచుకున్నాను, ఆవిడ నాచేత ప్రతి పాఠాన్నీ పన్నెండు మెట్ల నుంచీ వాయింపించేది. తర్వాత ఎడమ చెయ్యి ఎత్తి, తీగవాద్యాల వాళ్ళకి వద్దని తల ఊపాను. పెద్ద వయొలిన్ లాంటి చెల్లో వాయించే కుర్రాడు కెలంతాన్ నుంచి వచ్చిన మలయ్, చదివేది ఇంజనీరింగు. వెంటనే కమాను ఎత్తేశాడు. వయొలిన్ అమ్మాయి కాగితం మీదనుంచి కళ్ళు ఎత్తలేదు. పన్నెండో పంక్తి అయిపోయింది. నేను వేళ్ళన్నీ నల్లమెట్ల మీదకి జరిపి, ఏ కాగితంలోనూ లేని శ్రుతిలో ఒంటరిగా మొదలుపెట్టాను. వయొలిన్ నుంచి ఒక్క స్వరం, గిన్నె కిందపడ్డట్టు, వచ్చి ఆగిపోయింది.

మేనకోడలికి అది వినపడలేదు. అప్పుడు తెలిసింది నాకు, దానికి మేమెవ్వరం వినపడటం లేదు. నా భుజాలు తప్ప ఆధారం లేకుండా పాడుతోంది. నేను బొమ్మలాటలో బొమ్మలా ప్రతి పంక్తికీ పైకీ కిందికీ ఊగాను. మూడో ఆవృత్తికి చెల్లో కుర్రాడు తనంతట తానే శ్రుతి వెతుక్కుని అడుగునుంచి మెల్లగా కలిశాడు. ఆ అబ్బాయికి ఆ క్షణంలో ఏ ఆస్తి అడిగినా రాసిచ్చేదాన్ని. పూజారిణి కూలబడింది. దీపాలు ఆరాయి. చప్పట్లు వానని మించిపోయాయి.

తెర వెనక ప్రొఫెసరు నా దగ్గరికి వచ్చి ఒకే మాట అన్నాడు. "జలుబా?"

నేను నోరు తెరిచేలోపల మేనకోడలు మా ఇద్దరి మధ్యకీ వచ్చింది, ముఖాన రంగు ఇంకా తుడుచుకోలేదు. "నాకు ఎడమ చెవి వినపడదు సర్. ఆరో ఏటి నుంచి. అత్తచేత చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను."

ఆయన, "ముందే చెప్పి ఉంటే ఆ హార్ప్సికార్డు మీద గొడుగు పట్టించయినా అటే ఉంచేవాణ్ణి" అన్నాడు. ఆపైన, గొంతు పెంచకుండానే, "రేపటి ఆట నువ్వు పాడవు. చెవి వల్ల కాదు. పదమూడుమంది నీ చుట్టూ నిలబడి ఉంటే వాళ్ళకి చెప్పనందుకు" అన్నాడు. నా వైపు తిరిగి, "మిమ్మల్నీ పంపేసేవాణ్ణి. ఇంకొకరు లేరు" అన్నాడు.

క్లాంగ్ దారిలో కారులో తమ్ముడు ఉప్పొంగిపోతూ మాట్లాడుతూనే ఉన్నాడు. సగం దారిలో మేనకోడలు వెనక సీటులోంచి అంతా చెప్పేసింది. వాడు కారు పక్కకి తీసి ఆపాడు. అద్దం మీద వైపరు రెండుసార్లు తిరిగింది.

"నాకు తెలుసు" అన్నాడు. "నీకు ఎనిమిదేళ్ళప్పుడు బస్సు హారన్ కొట్టినా నువ్వు తిరగలేదు. యూనివర్సిటీ ఫారంలో ఏ లోపం లేదని రాసినోడిని నానే. రాస్తే తీసుకోరేమోనని బయమేసింది."

మరదలు తల తిప్పకుండానే, తమిళంలో దేవుణ్ణి తలుచుకుంటూ, "అయ్యో కడవుళే, నేను మాత్రం? పదహారు వరుషంగా నేను ఎందుకు ఎప్పుడూ దాని కుడి పక్కనే కూర్చుంటాను అనుకున్నారు వదినా?" అంది. నలుగురం ఒకే గుట్టుని నాలుగు మూలల్లో దాచుకుని, ఒకరికి తెలియకుండా ఒకరం కాపలా కాస్తున్నాం. మేనకోడలు ముందు నవ్వింది. తర్వాత ఏడ్చింది. ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే ఉంది, మేమెవ్వరం ఊరుకోమని అనలేదు.

ఆదివారం అది రాదనుకున్నాను. వచ్చింది. కాగితాలు తిప్పడానికి నా ఎడమ పక్కన కుర్చీ వేసుకుంది, అప్పుడు దాని కుడి చెవి నా వైపుంటుంది. ఆ రోజు వాన లేదు. సరవాక్ అమ్మాయి పాడింది. బాగా పాడింది. అంత బాగా పాడకపోతే బాగుండునని ఒక చెడ్డ కోరిక నాకు కలిగిందని ఒప్పుకుంటున్నాను. పన్నెండు పంక్తుల దగ్గర మేనకోడలి పెదవులు కదిలాయి, చప్పుడు రాలేదు. సరైన శ్రుతిలో మేమందరం కలిసినప్పుడు అది కళ్ళు మూసుకుంది. తాను పాడకుండా ఆ చోటు మొత్తం విన్నది రెండు నెలల్లో అదే మొదటిసారని తర్వాత నాతో చెప్పింది. ఆట అయ్యాక వెళ్ళి ఆ అమ్మాయిని కావలించుకుని, కుడి చెవి ఆమె వైపు పెట్టి ఏదో వింది. ఏమిటో నేను అడగలేదు.

ఇప్పుడది ఇపోలో పిల్లలకి పాట నేర్పుతోంది, అప్పుడప్పుడు వేదికలెక్కుతోంది. ఎక్కడికి వెళ్ళినా మొదటి రోజే, "నాకు ఈ పక్క వినపడదు, అటు నిలబడండి" అని మంచినీళ్ళు అడిగినంత తేలిగ్గా చెబుతుందట. పదహారేళ్ళు మేము మోసినదాన్ని దించడానికి దానికి పట్టేది రెండు క్షణాలు. చెప్పవలసిన మాటకి ఇంకా బోలెడు కాలం ఉందనే అనిపిస్తుంది మనిషికి. ఉన్న కాలమంతా అలా అనుకోవడంలోనే గడిచిపోతుంది.