కాదని చెప్పని సిపాయి

మా అన్న మిలిట్రీలో చేరింది అరవైతొమ్మిదిలో. వికారాబాదులో కాలేజీలు బందై, చదువుకునే పిల్లలంతా రోడ్ల మీదే ఉన్న రోజులవి. ఎవరికీ చెప్పకుండా హైదరాబాదు వెళ్లి పేరిచ్చి వచ్చాడు. అమ్మ అన్నం ముట్టకుండా ఏడ్చింది.

డెబ్బై ఒకటి యుద్ధం ముగిశాక సెలవు మీద వచ్చినప్పుడు అన్న వెంట ఒక స్నేహితుడు వచ్చాడు. బషీరాబాద్ దగ్గరి పల్లెవాడు, అదే పటాలంలో సిపాయి. యుద్ధంలో తొడకు తూటా తగిలితే అన్నే తనను వీపు మీద మోసుకొచ్చాడట. ఆ సంగతి అన్న మాకు చెప్పలేదు, అతనే చెప్పాడు. అమ్మ అతన్ని పొయ్యి పక్కనే కూర్చోబెట్టి వేడివేడిగా జొన్నరొట్టెలు చేసి పెట్టింది. అతని తెలుగులో కన్నడం దొర్లుతుంటే నేను నవ్వేదాన్ని, నవ్వించడానికి అతను ఇంకా ఎక్కువ మాట్లాడేవాడు. అన్న అంత హాయిగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత రెండేళ్లకు అన్న ఇనప్పెట్టెతో ఇంటికొచ్చాడు. ఈసారి సెలవు కాదు, తీసేశారు. పింఛను కూడా లేదు. అడిగినవాళ్లకు అమ్మ, పిల్లవాడికి ఒంట్లో బాగాలేదని చెప్పింది. క్షయ ఆసుపత్రి ఉన్న ఊరాయె, అందరూ అదేననుకున్నారు. అన్న నీళ్లు తాగిన గ్లాసును పక్కన పెట్టేవాళ్లు. అన్న కాదనలేదు.

నాకు మాత్రం అనంతగిరి దారిలో నడుస్తూ చెప్పాడు.

"చెల్లె, నాకు ఆడోళ్ల మీద మనసు పోదు. ఆయనంటేనే పానం. ఎవడో చూసి పైన చెప్పిండు."

ఎవరి గురించో నేను అడగక్కర్లేకపోయింది.

"మా పెద్ద సాబ్ మంచోడే. అబద్ధమని ఒక్క మాట అను, గీడికే ఖతం చేస్త అన్నడు. ఆయన్ని అడిగితె, అబద్ధమనే అన్నడు. నేను మాత్రం, నా మనసు గసొంటిదే సాబ్, ఆయన తప్పేం లేదు అని చెప్పిన."

"నువ్వు గూడ కాదంటే ఏమైతుండె అన్నా?"

"నన్ను నమ్మి తూటాలల్ల నా ఎంట నడిచిండ్రు. గా మనుషుల ముంగట ఎన్నేండ్లు అబద్ధమాడుకుంట ఉండాలె?"

నా పెళ్లయి నేను తాండూరు వచ్చాక, అన్న కూడా వచ్చి బండలు పాలిష్ చేసే కార్ఖానాలో కాపలా పనికి కుదిరాడు. చూసేవాళ్లెవరూ లేకపోయినా రోజూ గడ్డం గీసుకుని, బూట్లు తుడుచుకుని వెళ్లేవాడు. సాయంత్రానికి తలంతా రాతిపొడి.

ఎనభైల్లో, హవల్దారుగా రిటైరైన ఆ స్నేహితుడు మా ఇంటికి వచ్చాడు. భార్యా పిల్లలున్నారని చెప్పాడు. అన్న పని నుంచి రాగానే అతను లేచి, పై అధికారి ముందు నిలబడ్డట్టు నిటారుగా నిలబడిపోయాడు.

"కూసో, కూసో," అని నవ్వాడు అన్న.

పాత రోజుల సంగతులు కాసేపు మాట్లాడుకున్నారు. అన్న పాలు తేవడానికి బయటికి వెళ్లగానే అతను నా వైపు తిరిగాడు.

"చెల్లెమ్మా, మా పటాలంల మీ అన్న లాంటి సిపాయి మల్ల రాలే. కొత్తోళ్లకు నేను పని నేర్పిన. అంత మీ అన్న నాకు నేర్పిందే. ఎవరు నేర్పిండ్రని వాళ్లు అడిగితె, పేరు చెప్పలేకపోయిన."

అతని కళ్లలో నీళ్లు చూడలేక వంటింట్లోకి వెళ్లిపోయాను. అన్న పక్కన పడుకోవడానికి, అన్న వెనక నడవడానికి యుద్ధంలో ఎవరూ వెనకాడలేదు. ఆ రోజు అన్న జవాబు విని, సరే, డ్యూటీకి పో అని సాబ్ అని ఉంటే ఏం పోయేది? దేశానికి ఒక మంచి సిపాయి మిగిలేవాడు. 

అన్న అతన్ని బస్సు ఎక్కించి వచ్చాడు.

"ఏమన్నడు అన్నా?"

"మల్ల వస్తనన్నడు. రాకున్న మంచిదే, పిల్లలు గలోడు."

అన్నం తిని పొమ్మన్నాను. ఆకలి లేదని, ఆ రాత్రి కాపలా కూడా తనే ఉంటానని కార్ఖానాకు వెళ్లిపోయాడు.