రోజ్ బెల్‌లో వదిలేసి వచ్చిన స్పీకరు

1968 మార్చి 12, మంగళవారం మధ్యాహ్నం పన్నెండింటికి మారిషస్ స్వతంత్ర దేశమైంది. దానికి ఎనిమిది రోజుల ముందు, మార్చి 4 సోమవారం, నేనూ నా స్నేహితుడు లచ్మయ్యా ఒక చిరిగిన స్పీకరును గోనె సంచిలో పెట్టుకుని మహేబోర్గ్ నుంచి రోజ్ బెల్ మీదుగా లెస్కాలియే వెళ్ళాం. ఆ స్పీకరు లెస్కాలియే భజన మందిరానిది. అక్కడ భజన నడిపే గురువు మా మావయ్య. మందిరం తాళం చెవి నా దగ్గర ఉండేది. గురువారం సాయంత్రాలు లచ్మయ్య తన ఎలక్ట్రిక్ గిటారును మందిరం యాంప్లిఫయరుకు తగిలించి వాయించేవాడు, నేను డోలక్ కొట్టేవాణ్ణి. ఇంగ్లండులో ఎవరో స్పీకరు కాగితాన్ని బ్లేడుతో కోసి గిటారు మోతనే మార్చేశారని ఓడ కళాసీ ఇచ్చిన ఒక పత్రికలో చదివి, లచ్మయ్య మందిరం స్పీకరును కోశాడు. తలుపు తీసింది నేను.

లావు తీగ మీద నెమ్మదిగా మూడు స్వరాలు వాయిస్తే మిల్లులో చెరకు నలుగుతున్నట్టు ఉండేది. ఆ మోత చెవికంటే ముందు అరికాళ్ళకు తెలిసేది. అయితే ఆదివారం అదే పెట్టెలోంచి మావయ్య గొంతు బయటికొచ్చినప్పుడు ముందు వరసలోని ముసలమ్మ, “అయో, రాముడికి జలుబు చేసిందా గురువా?” అంది. అందరూ నవ్వారు, మావయ్య నవ్వలేదు. మార్చి 10, ఆదివారం నాడు స్వాతంత్ర్యం కోసం పెద్ద భజన ఉంది. ముందురోజు శనివారం లచ్మయ్య నర్సు శిక్షణకు ఇంగ్లండు ఓడ ఎక్కాలి. అందుకే మావయ్యకు తెలియకుండా కొత్త స్పీకరు వేసేద్దామనుకున్నాం. వేస్తే ఆ మోత ఇక ఉండదని ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

సోమవారం మహేబోర్గ్‌లో సంత. మేము ఆరున్నరకు చేరేసరికే చేపలు సగం అమ్ముడుపోయాయి. శనగపప్పుతో చేసే మిరప వడలను అక్కడ గాతో పిమా అంటారు. మన మసాలా వడకంటే చిన్నవి, వేడిగా రొట్టెలో పెట్టి ఇస్తారు. అవి తిని రేడియో సామాన్ల దుకాణాలు రెండు చూశాం. ఆ కొలత స్పీకరు లేదన్నారు. జనవరిలో రాజధాని పోర్ట్ లూయీలో జరిగిన అల్లర్ల తర్వాత అక్కడికి వెళ్ళొద్దని ఇంట్లో గట్టిగా చెప్పారు కాబట్టి మిగిలింది రోజ్ బెల్. ఎనిమిదింటి బస్సు ఎక్కాం. ప్లేన్ మాన్యే దాటాక రోడ్డుకు రెండు వైపులా చెరకే, కిటికీలోంచి వేరే ఏమీ కనబడదు.

“కి సా సా?” అని కండక్టరు సంచిని కాలితో తట్టాడు, అదేమిటని.

“మా గురువు గొంతు,” అన్నాడు లచ్మయ్య.

“గొంతుకు టిక్కెట్టు లేదు, ఒళ్ళో పెట్టుకో.”

రోజ్ బెల్ బజారు వెనక రేడియోలు బాగుచేసే ముసలాయన స్పీకరును వెలుతురుకు పెట్టి చూశాడు.

“ఎలుక కొరికింది తాతా,” అన్నాను.

“లెరా?” అన్నాడాయన, ఎలుకా అని. “మీ ఊళ్ళో ఎలుకలు గడ్డం గీసుకుంటాయేం!”

ఆ కొలతది ఆయన దగ్గర ఒకటే ఉంది. మా దగ్గరున్న డబ్బు చాలలేదు. పాతది వదిలేస్తే సరిపెట్టుకుంటానన్నాడు, అయస్కాంతం పనికొస్తుందట. లచ్మయ్య పాత స్పీకరు వెనక్కి తిప్పి, ఇనుము మీద తెలుగులో ఉన్న మందిరం పేరును బొటనవేలితో ఒకసారి తుడిచి ఇచ్చేశాడు.

లెస్కాలియే చేరేసరికి రెండయింది. లచ్మయ్య తీగలు కలిపి, గిటారు తగిలించి ఆ మూడు స్వరాలే వాయించాడు. శుభ్రంగా వచ్చాయి, రేడియోలో ఎవరు వాయించినా వచ్చేటట్టే. తలుపు దగ్గర మావయ్య నిలబడి ఉన్నాడు.

“కొత్తది బోన్, బానే ఉంది,” అన్నాడు. “పాతది ఏదిరా?”

లచ్మయ్య గిటారును గోడకు ఆనించాడు.

“బ్లేడు మీదే, నాకు తెలుసు. గురువారం గురువారం నేను బయట చెరకులో నిలబడి వింటా. భజనకు అది పనికిరాదు, కానీ మంచి మోత. ఇవాళ దగ్గర కూచుని ఒకసారి విందామని వచ్చినా.”

“రోజ్ బెల్‌లో ఇచ్చేశాం మావయ్యా.”

“నాకు చెప్పకూడదా? శనివారం దాకా ఉంచుకోండి, ఆదివారం మార్చుదాం అందును గదా.”

“రేపు తెచ్చేద్దాం గురువా,” అన్నాడు లచ్మయ్య. అని తనే ఆగిపోయాడు. మంగళవారం నుంచి ఓడ కాగితాల పనిమీద అతను పోర్ట్ లూయీలో ఉండాలి. శనివారం వెళ్ళిపోయాడు. ఆదివారం మావయ్య గొంతు ఏ గరగరా లేకుండా వినిపించింది.

గరగరలాడే గిటారు సంగీతం హెవీ మెటల్ చరిత్ర రాసేవాళ్ళలో చాలామంది 1970 ఫిబ్రవరి దగ్గర మొదలుపెడతారు, ఇంగ్లండులోని ఒక కార్ఖానాల నగరానికి చెందిన నలుగురు కుర్రాళ్ళ తొలి రికార్డు దగ్గర. అది మా ఊరికి ఆలస్యంగా వచ్చింది. సూది పెట్టగానే నాకు భజన మందిరం నేల గుర్తొచ్చింది. ఆ సంగీతం లెస్కాలియేలో పుట్టిందని నేను అనను, అలాంటి ఆధారమేదీ లేదు. మేం వాయించినది ఎక్కడా రికార్డు కాలేదు. విన్నవాళ్ళం ముగ్గురమే. మావయ్య పోయాడు. నలభై ఏళ్ళు వార్తలు రాశాను, ఎన్నో మోతలు విన్నాను, ఆ మూడు స్వరాలు మళ్ళీ ఎక్కడా దొరకలేదు. మావయ్యను ముందే అడిగి ఉంటే ఆ సోమవారమైనా ముగ్గురం దగ్గర కూచుని వినేవాళ్ళం.

ఈ దారిన వెళ్ళాలనుకునేవారు సోమవారమే బయల్దేరండి, ఏడు లోపు సంతలో ఉండండి. రోజ్ బెల్ నుంచి లెస్కాలియే బస్సు వేళలు ముందే అడిగి పెట్టుకోండి, తప్పితే చాలాసేపు ఆగాలి. వచ్చే సోమవారం నేనూ అదే బస్సులో ఉంటాను. రోజ్ బెల్ ముసలాయన మనవడు పోయిన నెల అటక సర్దుతుంటే వెనక తెలుగు అక్షరాలున్న స్పీకరు ఒకటి దొరికిందట. మోగుతుందని మాట ఇవ్వలేనన్నాడు. లచ్మయ్య విమానం శనివారం ఉదయం దిగుతుంది. సోమవారం పదకొండింటికి మందిరంలో ఆ పాత స్పీకరుకు అతనే తీగలు కలుపుతాడు.