కొల్లేటి గట్టున మీటింగుకి, తమ్ముడితో

ఆదివారం ఉదయం ఆరూ ఇరవైకి నేనూ మా తమ్ముడు సత్యం పెంటపాడులో ఆటో ఎక్కాం. తాగుడు మానాలనుకునేవాళ్లు వారానికోసారి కూర్చుని మాట్లాడుకునే మీటింగు ఏలూరులో ఉందని డాక్టరు చెప్పాడు. సత్యం ఆసుపత్రి నుంచి వచ్చి అయిదు వారాలైంది. మళ్లీ మొదలుపెడితే ఈసారి ప్రాణం దక్కదనీ, ఒక్కడివే బిగబట్టుకుని ఉండలేవనీ కూడా ఆయనే చెప్పాడు. అలాంటి మీటింగు తాడేపల్లిగూడెంలోనూ ఉందని విన్నాం గాని, అక్కడికైతే రానన్నాడు. ఎరువుల కొట్టు నడిపిన మనిషి, గూడెంలో వాణ్ణి ఎరగని వీధి లేదు. మరదలు చింతలపూడిలో పుట్టింట్లో ఉంది. అందుకని వాడు ప్రస్తుతం నా దగ్గర ఉంటున్నాడు.

గూడెం స్టేషనుకి ఏడుగంటల పాసింజరు ఏడున్నరకు వచ్చింది. టికెట్లు ఇద్దరికీ కలిపి ముప్పై రూపాయలు. కిటికీ పక్కన చోటు దొరికినా సత్యం కూర్చోలేదు. గుమ్మం దాకా వెళ్లడం, రావడం, మళ్లీ వెళ్లడం. ఎదుటి సీట్లో పూలబుట్ట పెట్టుకున్న ఆవిడ వాణ్ణి చూసి, "ఏలూరులో పెళ్లాండీ?" అంది. ఆసుపత్రి పని అన్నాను. ఎవరికని అడిగితే నాకే అని చెప్పాను. ఉంగుటూరు దాటేసరికి ఆవిడ కూతుళ్లను ఏయే ఊళ్లకిచ్చారో నాకు తెలిసిపోయింది, నా మోకాళ్ల సంగతి ఆవిడకు తెలిసిపోయింది.

ఏలూరులో డాక్టరు రాసిచ్చిన హాలుకి వెళితే అక్కడ పెళ్లి భోజనాలకి బల్లలు వేస్తున్నారు. చీటీ మీది నంబరుకి ఫోను చేశాను. ఈ వారం హాలు దొరకలేదనీ, కైకలూరు రోడ్డులో తమవాళ్లలో ఒకరి చేపల చెరువు దగ్గర షెడ్డులో పదకొండింటికి కూర్చుంటున్నామనీ ఒకాయన చెప్పాడు. పేరు కూడా అడగలేదు. వెళ్లదలచినవారు ముందురోజే ఫోను చేసుకోవడం మంచిది.

హోటల్లో నేను ఇడ్లీ తిన్నాను. సత్యం కాఫీ సగం తాగి వదిలేశాడు. బస్టాండుకి నడిచే దారిలో వైన్ షాపు వచ్చినప్పుడల్లా వాడు రోడ్డు దాటి అవతలి పక్కకి పోయేవాడు, నేనూ వాడి వెనకే దాటేదాన్ని.

బస్సులో ఆధార్ చూపిస్తే నాకు సున్నా టికెట్టు ఇచ్చారు. ఊరు దాటాక రోడ్డుకి రెండు వైపులా కొల్లేటి చెరువులే, వాటిల్లో చేపలకి గాలి కోసం పెట్టిన చక్రాలు నీళ్లు చిమ్ముతున్నాయి. గట్ల మీద గూడబాతులు కదలకుండా ఉన్నాయి. చూడదగ్గ దారే. నేను మాత్రం సత్యం చేతుల్నే చూస్తూ కూర్చున్నాను. "దిగి వెనక్కి పోదామక్కా," అన్నాడు రెండుసార్లు. మళ్లీ బస్సు ఒంటిగంట దాకా లేదన్నాను. అది నిజమో కాదో నాకే తెలియదు.

షెడ్డులో మేత బస్తాలు ఒక పక్కకి నెట్టి కుర్చీలు వేశారు. పన్నెండు మంది దాకా ఉన్నారు. వాళ్లలో పెద్దాయన మమ్మల్ని నిలబెట్టి పద్ధతి చెప్పాడు. ఒట్టి పేరు చెబితే చాలు. ఇంటిపేరు, ఊరు ఎవరూ అడగరు. వెంట వచ్చినవాళ్లు మీటింగయ్యేదాకా బయట కూర్చోవాలి. తలూపాను.

మొదలయ్యేలోగా టీ ఇచ్చారు. గ్లాసు అందించినతను మంచి మర్యాదస్తుడు. ఎదురుగా మనిషి ఉంటే పలకరించకుండా నేను టీ తాగలేను. మీది ఏ ఊరండీ అన్నాను. "కామవరపుకోటండీ," అన్నాడతను, అలవాటు కొద్దీ. ఎవరి తాలూకండీ అన్నాను. అదీ చెప్పాడు. అయితే చింతలపూడి వాళ్లకి మీరేమవుతారని నేను అనేశాక, సత్యం గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. ఆ టీ ఇచ్చినతను మా మరదలికి తల్లి వైపు వరసకి అన్నగారు.

సత్యం బయటికి నడిచి రోడ్డెక్కాడు. పెద్దాయన నన్ను ఒక మాట అంటే బాగుండేది.

కామవరపుకోట మనిషే వాడి వెనక వెళ్లాడు. నేను గుమ్మంలోకి వచ్చేసరికి అతను అంటున్నాడు: "బావగారండీ, నేను ఇక్కడికి వస్తున్నట్టు మా ఇంట్లో తెలియదు. చేపల బేరమని చెప్పి వస్తున్నాను. ఇప్పుడు మీకు తెలిసిపోయింది. మీరు వెళ్లిపోతే నేనూ రాలేనండీ."

"మా అక్క అంతేనండీ," అన్నాడు సత్యం. "స్మశానంలో కూడా ఎవరి తాలూకని అడుగుతుంది."

ఇద్దరూ లోపలికి వెళ్లారు. నేను గట్టు మీద కూర్చున్నాను. లేచాను, నడిచాను, మళ్లీ కూర్చున్నాను. చక్రాల హోరులో లోపలి మాటలు వినపడలేదు. ఒకసారి వాడి గొంతులా అనిపించింది. కాకపోనూవచ్చు.

ఒంటిగంటన్నర బస్సులో ఏలూరు వచ్చి, భోజనం చేసి, నాలుగింటి రైలెక్కాం. సత్యం అన్నం మారు అడిగాడు. రైల్లో కిటికీ దగ్గర కూర్చున్నాడు. లోపల ఏం మాట్లాడావని నా నోటిదాకా వచ్చింది గాని అడగలేదు.

భీమడోలు దాటాక వాడే అన్నాడు. "వచ్చే ఆదివారం నువ్వు రావద్దక్కా. నేనొక్కణ్ణే వెళతాను."

ఏలూరు స్టేషను నుంచి నడిచే దారి నాకు తెలుసు. ఆ దారిలో ఏముందో తెలుసు. రోడ్డు దాటేటప్పుడు వెనక ఎవరూ ఉండరు. పూళ్ల స్టేషను వచ్చింది, కైకరం వచ్చింది.

ఈ ప్రయాణంలో దూరం పెద్దది కాదు, ఖర్చూ పెద్దది కాదు. తోడు వెళ్లేవాళ్లు ఎక్కడ ఆగాలో తెలుసుకోవడమే కష్టం. చేబ్రోలులో రైలు ఆగినప్పుడు, సరే, వెళ్లు అన్నాను.