వేలు లేపిన డానియల్

నకిరేకల్ నిమ్మ మార్కెట్ ఎదురుగా నాకో చాయ్ హోటల్ ఉంది. గొప్ప ఆటగాడు గొప్ప కోచ్ అవుతాడా అన్న పంచాయితీ దేశంలో ఇంకెక్కడైనా తెగిందేమో గానీ, నా బెంచీల మీద మాత్రం ఏళ్లుగా నడిచింది. ఒక్క చాయ్ ఇద్దరు పంచుకుని పొద్దంతా కూర్చునేవాళ్లకు ఇంతకన్నా పనేముంటుంది? ఒకడు చాపెల్ పేరెత్తుతాడు. బ్యాట్ పట్టినప్పుడు అంతటివాడు, మనకు కోచ్‌గా వస్తే 2007 ప్రపంచకప్‌లో మొదటి రౌండ్‌కే ఇంటికొచ్చాం అంటాడు. అప్పుడు కెప్టెన్‌గా ఓడిన ద్రావిడే కదా 2024లో కోచ్‌గా కప్పు తెచ్చింది అని ఇంకొకడు అందుకుంటాడు. వాదన ఎటు తిరిగినా చివరికి మా ఊరి ఇద్దరి దగ్గరికే వచ్చేది. ఒకడు శివకృష్ణ, ఇంకొకడు డానియల్.

శివకృష్ణ మా ఊరు కన్న పెద్ద బ్యాట్స్‌మన్. అతను కొడితే బంతి హైవే అవతల వెతుక్కోవాల్సిందే. హైదరాబాద్ లీగుల్లో ఆడి వచ్చి, ఇప్పుడు నల్లగొండలో ఆడపిల్లలకు అకాడమీ నడుపుతున్నాడు. డానియల్ ఒకప్పుడు అదే టీమ్‌లో పదకొండోవాడు, నిమ్మకాయల డీసీఎం వ్యాను డ్రైవరు. ఉన్నమాట చెప్పాలంటే అతనికి బ్యాటింగ్ రాదు. మా దగ్గర ఊరి మ్యాచుల్లో బ్యాటింగ్ చేసే టీమే అంపైర్లను పెట్టాలి. ఆట రానివాణ్ణి అక్కడ నిలబెడతారు. మనవాడు మనవాళ్లను ఔట్ ఇవ్వడన్నది ఎవరూ పైకి అనని ఒప్పందం.

ఆ ఒప్పందం డానియల్‌ చెవికెక్కలేదు. తెలంగాణ వచ్చిన ఏడు సూర్యాపేటలో ఫైనల్ ఆడుతుంటే, శివకృష్ణ బ్యాటు అంచును రాసుకుంటూ పోయిన బంతిని కీపర్ పట్టాడు. డానియల్ వేలు లేపాడు. కప్పు పోయింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడని టీమంతా తిట్టిపోసి, మళ్లీ ఆటకు పిలవలేదు. బంతి ప్యాంటుకు తగిలిందని శివకృష్ణ ఊరంతా చెప్పుకున్నాడు. డానియల్ ఎవరితోనూ వాదించలేదు. అతని తల్లి బిక్షమ్మ మాత్రం ఓ ఆదివారం చర్చి నుంచి నేరుగా నా హోటల్ ముందుకొచ్చి, నా కొడుకు చూడనిది చెప్పడు అని అందరికీ వినబడేలా అనేసి వెళ్లింది.

రెండేళ్ల కింద డానియల్ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున పూట ఆడపిల్లలకు క్రికెట్ నేర్పడం మొదలుపెట్టాడు. తాను దూర సందు లేదు, మెడకో డోలు అని నా బెంచీలు పగలబడి నవ్వాయి. అతని పద్ధతి చూస్తే నవ్వు ఇంకా ఎక్కువయ్యేది. కొత్తగా వచ్చిన పిల్ల చేతికి బ్యాట్ ఇచ్చేవాడు కాదు. ముందు అంపైర్‌గా నిలబడాలి. బౌలర్ చెయ్యి చూడాలి, బ్యాటు పట్టినామె కాలు చూడాలి, చూసింది చూసినట్టు చెప్పాలి. గొర్రెలు కాసే ఎల్లస్వామి, తన బిడ్డ మంజులతను ఎండలో దిష్టిబొమ్మలా నిలబెట్టాడని గ్రౌండ్‌కే కొట్లాటకు పోయాడు.

నిరుడు మన అమ్మాయిలు ప్రపంచకప్ గెలిచారు. వాళ్ల కోచ్ మజుందార్ దేశం తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదని తెలిశాక నా బెంచీలు కొంచెం మెత్తబడ్డాయి. గ్రౌండ్ కమిటీ పెద్ద రామచంద్రయ్య మాత్రం మెత్తబడలేదు.

"మజుందార్ దేశానికి ఆడకపోయినా పదకొండు వేల పరుగులు కొట్టిండు. మన డానియల్ పదకొండన్న కొట్టిండా?" అన్నాడు.

బెంచీలు మళ్లీ నవ్వాయి. నవ్వుల మధ్యే ఆయన షరతు పెట్టాడు. నల్లగొండ కప్పులో శివకృష్ణ అకాడమీ చేతిలో ఓడితే, గ్రౌండూ పిల్లలూ శివకృష్ణకే. డానియల్ సరేనన్నాడు.

ఫైనల్ ఆ రెండు టీములకే పడింది. ఆ రోజు నేను హోటల్ మూసి వెళ్లాను. మావాళ్లు గెలవాలంటే రెండు బంతుల్లో నాలుగు పరుగులు కావాలి. క్రీజులో మంజులత ఉంది, ఇక భయమేముంది అనుకున్నాను. అకాడమీ బౌలర్ త్రివేణి స్లో బాల్ వేసింది. మంజులత తొందరపడింది. బంతి కీపర్ చేతుల్లో పడింది. బ్యాటుకు తగిలిందో లేదో వాళ్లకే నమ్మకం లేదు, ఏదో అడగాలని అడిగారు. ఇక్కడా అదే పద్ధతి, అంపైర్‌గా నిలబడ్డది మా టీమ్ పిల్ల నాగరాణి. తల అడ్డంగా ఊపితే చాలు.

నాగరాణి వేలు లేపింది.

మా జనం గగ్గోలు పెట్టారు. ఆ పిల్ల మీద నాకు ఒళ్లు మండింది. మంజులత బ్యాట్ చంకన పెట్టుకుని నేరుగా వచ్చేసింది. గీత అవతల చప్పట్లు కొట్టినవాడు డానియల్ ఒక్కడే. శివకృష్ణ అతని వైపే చూస్తూ నిలబడిపోయాడు.

ఒక్క బంతి మిగిలింది. శ్రీదేవి దిగింది. గట్టిగా పది పరుగులు చేసిన పిల్ల కాదు. కానీ త్రివేణి ఇంతకుముందు వేసిన ఓవర్లో అంపైర్‌గా ఆమె పక్కనే నిలబడ్డది ఈ శ్రీదేవే. స్లో బాల్ వేసే ముందు త్రివేణి చెయ్యి ప్యాంటుకు తుడుచుకుంటుందని అప్పుడే కనిపెట్టింది. ఇప్పుడూ త్రివేణి చెయ్యి తుడుచుకుంది. శ్రీదేవి కదలకుండా బంతి వచ్చేదాకా ఆగి, ఉన్న బలమంతా పెట్టి ఎత్తి కొట్టింది. అది గీత అవతల స్కోరు రాసే టెంటు మీద పడింది.

ఎల్లస్వామి భుజం మీది గొంగడి తీసి గాల్లోకి విసిరాడు. రామచంద్రయ్య తానే డప్పు అందుకున్నాడు. నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు. పిల్లలు డానియల్‌ను ఎత్తలేక ఎత్తి, పడేసి, మళ్లీ ఎత్తారు. అతను వాళ్ల నుంచి తప్పించుకుని ముందు నాగరాణి దగ్గరికి పోయి తల నిమిరాడు.

అక్కడికే శివకృష్ణ వచ్చాడు. మేమంతా ఉన్నామని చూసి కూడా గొంతు తగ్గించలేదు.

"డానియలూ, గా సూర్యాపేట బాల్ నా బ్యాటుకే తగిలింది."

డానియల్ నవ్వాడు.

"నాకెర్కనే శివా. నేను గాడనే నిలవడ్డ గద."