కాలవ వెడల్పును గట్టు మీద కొలిచిన రోజు

నా చిన్నప్పుడు, అరవైల్లో, రేపల్లె దగ్గర ఒక మురుగు కాలవ గట్టు మీద ఉండేవాళ్ళం. ఒకరోజు పొద్దున్నే అమ్మ, నెలల పిల్లాడైన తమ్ముణ్ణి నాకూ నాయనమ్మకూ అప్పజెప్పి, అవతలి చేలల్లో నాట్లకు వెళ్ళింది. మధ్యలో వచ్చి పాలిచ్చి వెళ్ళాలనుకుంది. ఇంతలో ఎగువన కురిసిన వానకు కాలవ పొంగింది. కర్రల వంతెన మా కళ్ళముందే కొట్టుకుపోయింది.

అవతలి గట్టున అమ్మ. ఇవతల గుక్కపట్టి ఏడుస్తున్న తమ్ముడు. ఈదుదామంటే నీళ్ళలో సుడులు. మా గట్టున నీటి అంచునే ఉన్నది ఒకే ఒక్క తాటిచెట్టు. దాన్ని కాలవకు అడ్డంగా పడగొడదామన్నారు ఇరుగుపొరుగువాళ్ళు. అందకపోతే చెట్టూ పోయినట్టే, దారీ పోయినట్టే. అందుతుందని కొందరు, అందదని కొందరు కేకలేసుకుంటున్నారు.

మా పెదనాన్న తెనాలిలో సర్వేయరు వెంట పొలాలు కొలిచే గొలుసు లాగే పని చేసేవాడు. ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. కల్లుగీసే పక్కింటి బాబాయిని చెట్టెక్కించి, పైనుంచి తాడు వదలమన్నాడు. చెట్టు యాభై అడుగులు తేలింది. మరి కాలవ?

"నీళ్ళ మీద ఎట్టా కొలుస్తావు పెదనాన్నా?"

"నీళ్ళ మీదెందుకమ్మా? గట్టు మీదే కొలుద్దాం. నువ్వు రా."

అవతల నీటి అంచున ఒక సన్నటి తుమ్మచెట్టు ఉంది. దానికి సరిగ్గా ఎదురుగా ఇవతలి అంచున కర్ర పాతాడు. అంచు వెంబడే ముప్పై అడుగులకు రెండో కర్ర, ఇంకో ముప్పై అడుగులకు మూడోది. మూడో కర్ర దగ్గర నన్ను నిలబెట్టి, కాలవ వైపే చూస్తూ తిన్నగా వెనక్కి నడవమన్నాడు. నడిమి కర్ర వెనక ఆ తుమ్మచెట్టు దాక్కున్న చోట ఆగమన్నాడు.

అడుగు వేసినకొద్దీ చెట్టు కర్రకు దగ్గరవుతోంది. ఇంకో అడుగు. ఇంకొక్కటి.

"వచ్చింది పెదనాన్నా! చెట్టు కనపట్టం లేదు!"

అక్కణ్ణించి మూడో కర్ర దాకా ముప్పై ఎనిమిది అడుగులు. కాలవ వెడల్పూ అంతేనన్నాడు. ఎలాగని అడిగితే బురదలో మూడుమూలల బొమ్మలు రెండు గీశాడు. నీళ్ళ మీద పడేది ఒకటి, నేల మీద పడేది ఒకటి, రెంటికీ గట్టు వెంట ముప్పై అడుగులే, అచ్చం కవల పిల్లల్లా ఉన్నాయి.

"అందుద్ది. కొట్టండర్రా!" అన్నాడు.

గొడ్డళ్ళు లేచాయి. చెట్టు మెల్లగా వాలి, నేల అదిరేలా పడింది. దాని తల అవతలి గట్టు దాటి చేలోకి వెళ్ళింది. నేను గంతులేశాను. అందరికంటే ముందు అమ్మే వచ్చింది, మొద్దుకు అటో కాలు ఇటో కాలు వేసుకుని, జరుగుతూ జరుగుతూ. ఒంటినిండా బురదతోనే తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుంది.

పెదనాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఏదైనా నా వల్ల కాదనిపించినప్పుడు నేను ఇప్పటికీ కంగారుపడను. దానికి సరిసమానమైనది, నా కాళ్ళకు అందేది, ఇవతలి గట్టునే ఎక్కడో ఉంటుందని వెతుకుతాను.