కిటికీకి ఎదురు బల్ల

తెలివితక్కువ పనుల్లో నాతో పోటీపడగలవాళ్లు మా ఊళ్లో తక్కువే గానీ, నేను చేసినవాటిలో అన్నిటికంటే పెద్దది తొమ్మిదో ఏట ఒకామెను "కింద కూసో" అనడం. ఆ రెండు మాటలు అనడానికి నాకు క్షణం పట్టలేదు, మోయడానికి మాత్రం ఒక టేకు బల్ల కావలసి వచ్చింది. ఆ బల్ల ఇప్పుడు నస్పూర్‌లో మా ఇంటి వరండాలో ఉంది. ముసురు పట్టినప్పుడు దానిలోంచి పాత టేకు వాసన, దాని వెనకాలే ఎవరెవరివో తడిసిన గొంగళ్ల వాసన లేస్తాయి. అమ్మేద్దామంటుంది మా ఆవిడ. బడిలో పంతులు నన్ను పేరు పెట్టి కాకుండా మొద్దు అనే పిలిచేవాడు కనుక, ఒక మొద్దు ఇంకో మొద్దును అమ్ముకోవడం మర్యాద కాదని ఊరుకున్నాను.

మాది పెద్దపల్లి దగ్గర పల్లె, భూములున్న ఇల్లు. నాన్న, అంటే మా బాపు, మాత్రం సొంత పొలాన్ని జీతగాళ్లకు వదిలి ఊరివాళ్ల కష్టాలను సాగు చేశాడు. పట్టా రాని చెలకలు, ఆగిపోయిన పింఛన్లు, శ్రీరాంపూర్ బొగ్గు బాయిలో కాలు పోయినవాడికి రావలసిన పరిహారం, ఇలా ఎవరికేది కావాలన్నా దరఖాస్తు ఆయనే రాసి, బస్సెక్కి ఆఫీసు దాకా వాళ్ల వెంట ఆయనే పోయేవాడు. ఆ రోజుల్లో పేదవాళ్లు పెద్దింటికి వస్తే చెప్పులు చేతబట్టుకొని వచ్చి నేల మీద కూర్చునేవారు. అది చూడలేక బాపు ఆదిలాబాద్ టేకుతో బల్ల చేయించి, తాను రాసుకునే గది కిటికీకి ఎదురుగా అరుగు మీద వేయించాడు. ఆయన లోపల చాప మీద కూర్చుంటే కిటికీలోంచి ఆ బల్లొక్కటే కనిపించేది. వచ్చినవాళ్లు దాని మీద కూర్చోవాలి, అప్పుడే మాట. "కూసుంటెనే వింట" అనేవాడు. వాళ్లు అంచున, పడిపోతామేమో అన్నట్టు ఆనుకునేవారు. "ఊఁ, ఇగ చెప్పు" అనేవాడు బాపు.

ఒకసారి మా అవ్వ, అంటే అమ్మ, చేతులు తుడుచుకుంటూ వచ్చి బల్ల మీద కూర్చుంది.

"ఏందే?" అన్నాడు బాపు.

"నాది గూడ దరఖాస్తే. మూడొద్దుల సంది ఇంట్ల నూనె లేదు."

అది బతుకమ్మ ఆడే రోజులు. వాకిట్లో తంగేడు పూలు కుప్పలుగా పోసి ఉండేవి, అక్కలు గునుగు పూలకు రంగులద్ది ఆ చేతులతోనే మా ముఖాలు తుడిచేవారు, మలీదకు రోట్లో రొట్టెలు, బెల్లం కలిపి దంచుతుంటే వీధి చివరికి వాసన వచ్చేది. కరీంనగర్ నుంచి మా మేనమామ కొడుకు వచ్చాడు. వాడికి బూట్లుండేవి, నాకు వాటి మీద భక్తి ఉండేది. ఇద్దరం బల్ల మీద సుద్దతో గళ్లు గీసి, చింతగింజలతో అష్టాచెమ్మా ఆడుతుంటే, వాగు అవతలి వాడ నుంచి ఎల్లవ్వ వచ్చింది. నలభై దాటి ఉండవు, నా కళ్లకు ముసలమ్మ. చీర కుచ్చిళ్లు తడిసి ఉన్నాయి, కొంగులో ఏదో కాగితం కట్టుకుంది.

"గీమె మన పక్కన కూసుంటదా?" అన్నాడు బూట్లవాడు.

నేను నవ్వాను. "జాగ లేదు, కింద కూసో" అన్నాను.

ఆమె కిటికీ కింద గోడకు ఆనుకొని కూర్చుంది. అక్కడ కూర్చున్న మనిషి లోపల ఉన్న బాపుకు కనపడదు. ఆ ఇంటి మర్యాద మారింది కాబోలనుకుందేమో, పిలవనూ లేదు. పొద్దంతా ఆమె గోడకు ఇవతల, బాపు అవతల. పొద్దు వాలుతుంటే, వాగు పెరుగుతుందని లేచి వెళ్లిపోయింది. నేను ఆట గెలిచాను.

కొంగులోని కాగితం తహసీలు నుంచి వచ్చిన నోటీసు. వాగు ఒడ్డున ఆమెకున్న అరెకరం మీద మర్నాడే పేశీ, అంటే విచారణ. ఆ ముచ్చట చెప్పడానికే వచ్చింది. చదివి చెప్పేవాళ్లు, వెంట వచ్చేవాళ్లు లేక పేశీకి ఆమె పోలేదు. భూమి వేరేవాళ్ల పేర పడింది.

బాపుకు పండగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు తెలిసింది. "ఎందుకన్నవ్?" అని ఒక్కటే అడిగాడు. నేను మొద్దులా నిలబడ్డాను. కొడతాడనుకున్నాను, కొట్టలేదు. "బల్ల ఎత్తు" అన్నాడు.

ఒక కొస ఆయన, ఒక కొస నేను. పూల తట్టలతో ఎదురొచ్చినవాళ్లు ఆగి చూస్తుంటే ఊరు దాటాం, మోకాళ్లలోతు వాగు దాటాం, ఎల్లవ్వ గుడిసె ముందు దించాం.

"వద్దు పటేలా, నాకు కిందనే మంచిగుంటది."

"నువ్వు కూసుంటెనే వింట."

ఆమె చెప్పులు విడిచి, అంచున కూర్చుంది. బాపు నేల మీద గొంతుక్కూర్చొని "ఊఁ, ఇగ చెప్పు" అన్నాడు. అంతా చెప్పాక ఆమె లోపలికి పోయి మలీద ముద్ద తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఎండల వచ్చినవ్, తిను బిడ్డా." తిన్నాను. బెల్లం వేసే ఉంటుంది గానీ, ఆ రుచి నాకు గుర్తు లేదు. బల్లను మళ్లీ మోసుకొచ్చి మా కిటికీ ముందు వేసేసరికి భుజం మొద్దుబారింది. భుజం ఒక్కటేనా అని అప్పుడు తెలియలేదు.

ఆ అరెకరం కోసం బాపు పదకొండేళ్లు తిరిగాడు. అది తిరిగి ఎల్లవ్వ పేరు మీదికి వచ్చేసరికి నేను గుమాస్తానయ్యాను.

బాపు పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి, వరుసగా ఒక్కొక్కరే ఆ బల్ల అంచున కూర్చొని, ఖాళీ కిటికీలోకి చూసి, లేచి పోయారు. నేను చాయ్ కప్పులు కడిగాను. ఇప్పుడా ఇల్లు ఎరువుల గోదాము. వాగులో ఇసుక లారీలు తిరుగుతాయి, గునుగు పూలు సంతలో కట్టలుగా దొరుకుతాయి. నేను ముప్పై ఏళ్లు పనిచేసిన ఆఫీసు కిటికీకి ఒక చిన్న రంధ్రం ఉండేది, జనం నడుము వంచితేనే మాకు వినిపించేది. దాని ముందు నేనొక్క బల్లైనా వేయించలేదు.

బాపు మీద నా కక్ష మాత్రం తీర్చుకున్నాను. పోవడానికి ఏడాది ముందు పెద్దపల్లిలో ఆయనకు సన్మానం చేశారు. వేదిక మీద సింహాసనంలాంటి మఖమల్ కుర్చీ వేస్తే, ఆయన దాని పక్కన దండతో నిలబడ్డాడు. ఎవరు బతిమాలినా కూర్చోడు. వక్తలు పేదల పెన్నిధి అంటున్నారు, పెన్నిధికి మోకాళ్ల నొప్పులు. వెనక బెంచీలో నా పక్కన ఎల్లవ్వ ఉంది.

"అవ్వా, లే" అన్నాను చెవిలో.

"గిప్పుడే కూసుంటి గదరా. ఎందుకు?"

"బాపు కూసునేదాక మనం కూసునుడు లేదు."

బోసినోటితో నవ్వింది. "నీకు బుద్ధి రానికి ఇన్నేండ్లు పట్టెనా" అంటూ నా భుజం పట్టుకొని లేచింది. మా బెంచీ లేచింది. ముందు బెంచీ లేచింది. హాలంతా లేచాక మైకు ఆగింది.

"ఏమైంది? కూసోండ్రి" అన్నాడు బాపు.

"నువ్వు కూసుంటెనే వింటం, బాపు" అన్నాను.

బాపు చెప్పులు విడిచాడు. ఆ మఖమల్ కుర్చీ అంచున, పడిపోతానేమో అన్నట్టు కూర్చున్నాడు.

"కూసున్న. ఊఁ, ఇగ చెప్పు."

నా తొమ్మిదో ఏట ఆయన "ఎందుకన్నవ్?" అని అడిగినదానికి జవాబు చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. హాలంతా కూర్చున్నా నేనొక్కణ్నే నిలబడి ఉంటే, ఎల్లవ్వ జర పక్కకు జరిగి, నా అంగీ పట్టి గుంజింది.

"జాగ ఉన్నది. కూసో బిడ్డా."